గేటు దగ్గర ఎదురుకోలు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నన్నెవరూ ఏమీ అడగలేదు, టికెట్టు తప్ప. రిటైరయ్యాక మాత్రం అందరికీ నా అనుభవాలు కావాలి. మొన్న, కొత్తగా డ్యూటీలో చేరిన కండక్టరు పిల్లలు కొందరు ఇంటికొచ్చి, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఒక్కటి చెప్పండి" అన్నారు. చెప్పడం మొదలుపెట్టాను గాని మధ్యలో గొంతు పట్టేసింది. కాఫీలిచ్చి పంపించేశాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. రాతకు గొంతుతో పని లేదు కదా.

నేను పనిచేసింది కడప జిల్లాలో ఒక బస్సు డిపోలో. దాని పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను. చదివినవాళ్ళు తమను తాము గుర్తుపట్టి మురిసిపోతే సంతోషం, కోపం తెచ్చుకుంటే వాళ్ళ ఇష్టం. నేను పుట్టింది కర్నూలుకు పడమట, కన్నడం మాటలు కలిసే పల్లెలో. కొత్తలో నేను టికెట్టు డబ్బుల కోసం "దుడ్లు తీయండప్పా" అంటే బస్సంతా నవ్వేది. ఆ నవ్వులకు అలవాటు పడటానికి కొంతకాలం పట్టింది. తర్వాత ఆ రూట్లో వాళ్ళు కూడా దుడ్లు అనడం మొదలుపెట్టారు. నోరున్న మనిషినని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

మా డిపోలో ఒక ఆచారం ఉండేది. రూల్సు పుస్తకంలో లేదు, పై ఆఫీసులో ఎవరికీ తెలియదు. కొత్తగా చేరిన డ్రైవరు మొదటి డ్యూటీ ముగించుకొని వచ్చినప్పుడు బస్సును నేరుగా లోపలికి తేకూడదు. గేటు బయట ఆపి పొడుగ్గా ఒక హారన్ కొట్టాలి. అప్పుడు డ్రైవర్లందరిలోకీ పెద్దవాడు ఇత్తడి చెంబు నిండా బెల్లం పానకం తీసుకొని ఎదురు వెళ్తాడు. కొత్తవాడు సీట్లోంచి దిగడు. కిటికీలోంచి చెంబు అందుకొని తాగుతాడు. ఆ తర్వాతే అసలు సంగతి. పెద్దాయన బస్సుకు వీపు తిప్పి, గేటు నుంచి డిపో లోపలి డీజిలు బంకు దాకా నడుస్తాడు. బస్సు ఆయన వెనకే, చేయి చాస్తే అందేంత దగ్గర్లో, మనిషి నడకకు సరిగ్గా సరిపోయేలా రావాలి. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడకూడదు. చూశాడా, కొత్తవాడి పరువు పోయినట్టే. భద్రత గురించి పాఠాలు చెప్పే ఆఫీసర్లు ఇది చదివితే గుండె పట్టుకుంటారు గాని, నేనున్నన్నాళ్ళూ ఎవరి మడమకూ గీత పడలేదు.

దీన్ని మావాళ్ళు ఎదురుకోలు అనేవాళ్ళు. ఆ మాట పెళ్ళిళ్ళలోంచి వచ్చింది. మగపెళ్ళివాళ్ళ బండ్లు ఊరి పొలిమేరకు రాగానే ఆడపెళ్ళివాళ్ళు మేళంతో ఎదురు వెళ్ళి, పానకాలిచ్చి, పెళ్ళికొడుకును వెంటబెట్టుకొని రావడమే ఎదురుకోలు. మా బస్సులో రోజూ వచ్చే ఒక తెలుగు మాస్టారును నేను ఒకసారి అడిగాను. వేడుకోవడం నుంచి వేడుకోలు వచ్చినట్టే ఇదీ వచ్చిందనీ, ఎదురు వెళ్ళి తెచ్చుకోవడమే దాని అర్థమనీ చెప్పాడు. అందులో ఆడా మగా అని ఎక్కడా లేదమ్మా అన్నాడు. మాటలో లేకపోయినా మనుషుల్లో ఉందిగా! అల్లుడి కోసం ఊరి బయటి దాకా వెళ్తాం. కోడలికి ఎదురుకోలు అని ఎవరైనా అనగా విన్నారా? కోడలికి గడప, కుడికాలు, హారతి. అల్లుడిని మనం వెళ్ళి తెచ్చుకోవాలి, కోడలు మాత్రం తానే గడప దాకా నడిచి రావాలి.

మా డిపోలోనూ అంతే. ఆడవాళ్ళం కండక్టర్లుగా చేరి అప్పటికి శానా ఏళ్ళయింది. మాకెవరూ పానకం ఇవ్వలేదు. "అది స్టీరింగు పట్టినోళ్ళకమ్మా" అనేవాళ్ళు. సరే, మేము పట్టింది టికెట్టు మిషనే కదా అని ఊరుకున్నాం.

అలాంటప్పుడు మా డిపోకు మొట్టమొదటి ఆడ డ్రైవరు వచ్చింది. ఓర్వకల్లు వైపు పిల్ల. వాళ్ళ నాయన నీళ్ళ ట్యాంకరు తోలేవాడట. ఆయన పక్కన కూర్చొని బండి నేర్చుకుంది. ఫ్యాక్టరీల కోసం గుట్టలు చదును చేసే చోట టిప్పరు తోలింది. పెద్ద బండ్ల లైసెన్సు తీసుకొని, పరీక్షలన్నీ దాటి వచ్చింది. పొట్టి పిల్ల. సీటు ముందుకు జరుపుకొని, వీపు వెనక దిండు పెట్టుకునేది. మాట తక్కువ. నాకు పూర్తిగా వ్యతిరేకం అన్నమాట.

ఆమెకు రూటు ఇవ్వలేదు. వచ్చిన దగ్గర్నుంచీ డిపో లోపలే పని. వాషింగు దగ్గరికి బస్సు తీసుకుపోవడం, తిరిగి తెచ్చి వరుసలో పెట్టడం. పైకి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కాని మా దగ్గర లెక్క ఒకటుండేది. ఎదురుకోలు అయినవాడే డ్రైవరు. అది కానివాడితో డ్యూటీకి వెళ్ళమంటే కండక్టర్లకు కడుపునొప్పి వచ్చేది, తలనొప్పి వచ్చేది, చుట్టాల ఇంట్లో శుభకార్యాలు వచ్చేవి. ఎదురుకోలు జరగాలంటే ఒక ట్రిప్పు వెళ్ళి రావాలి. ట్రిప్పు వెళ్ళాలంటే కండక్టరు ఎక్కాలి. కొత్త మగవాడైతే మొదటి ట్రిప్పుకు ఎవరో ఒకరు ఎక్కేవాళ్ళు, ఈమెతో ఎవరూ ఎక్కలేదు. ఆ పిల్ల ఈ రెండింటి మధ్య ఇరుక్కొని బస్సులు కడిగిస్తూ ఉండిపోయింది. అలాగే ఇంకొన్నాళ్ళు పోతే, తోలడం రాదు కాబట్టే ఇవ్వలేదని అందరూ నమ్మేస్తారు. చివరికి ఆమె కూడా నమ్మేస్తుందేమోనని నా భయం.

డ్యూటీలు వేసే కంట్రోలరు హాస్యం మనిషి. చెడ్డవాడని అనను, ఎవరితోనూ తగువు పెట్టుకోడు, అంతే. నేను ఆయన బల్ల ముందుకు వెళ్ళి, "ఆ పాపకు ట్రిప్పు వేయండి, కండక్టరుగా నేను పోతా" అన్నాను. ఆ పిల్ల మీద ప్రేమ కంటే అప్పుడు అన్నిటికీ నవ్వేసే ఈయన మీద ఉక్రోషమే ఎక్కువ.

"పోతావు సరే, ఇన్సూరెన్సు కట్టుకున్నావామ్మా?" అన్నాడు.

"మీ జోకులు వినేదానికి కట్టుకున్నా సార్, అదే సరిపోతాది" అన్నాను. ఆయన నవ్వి, ఎల్లుండికి వేంపల్లె మీదుగా తుమ్మలపల్లె ట్రిప్పు వేశాడు.

ఇక మిగిలింది ఎదురుకోలు. మా పెద్ద డ్రైవరు సాయిబులాయన. డిపో మొత్తం చాచా అని పిలిచేది. చెంబు ఆయన పెట్టెలోనే ఉండేది. పానకం వాళ్ళింట్లో చేసేవాళ్ళు, అందులో సబ్జా గింజలు కూడా వేసేవాళ్ళు. నాకు ఇంట్లో కష్టం వచ్చిన రోజుల్లో నా కోసం డ్యూటీలు మార్చుకున్న మనిషి ఆయన. ఆయన కాదనడని నా ధీమా. రెస్టు రూములో టీ తాగుతుంటే వెళ్ళి అడిగాను.

"ఏం చాచా, ఎల్లుండికి పానకం చేయిస్తాండావా?"

"ఎవురికి?"

"ఎవురికేంది, కొత్త డ్రైవరుకు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఎదురుకోలు మగోళ్ళకు చేసేది కదమ్మా. యాడన్నా పెండ్లికూతురుకు చేస్తారా? మా తట్టు గూడా పెండ్లికొడుకు వస్తేనే ఎదురు పోయి షర్బత్తు ఇస్తాం. ఆ మాటే అట్ల పుట్టింది. నేను పుట్టించలేదు."

"నీకంటే ముందు పుట్టిన మాట చెప్తా విను" అని నేను మా ఊరి సంగతి చెప్పాను.

నా చిన్నప్పుడు మా పల్లెకు కాలువ తవ్వారు. తవ్వి చాలాకాలం ఎండబెట్టారు. ఒకరోజు నీళ్ళు వదిలారని కబురొచ్చింది. మా అవ్వ నా చేయి పట్టుకొని పొలిమేరకు తీసుకుపోయింది. ఊరంతా అక్కడే ఉంది. ఆడవాళ్ళ చేతుల్లో పసుపు కుంకుమలు, మగవాళ్ళు చెప్పులు విడిచి నిలబడ్డారు. కాలువలో నీళ్ళు ఉరుకుతూ రాలేదు. ఎండుటాకులను, నురగను ముందుకు నెట్టుకుంటూ, నడిచే మనిషంత నిదానంగా వచ్చాయి. పసుపు కుంకుమలు చల్లి, అందరూ కాలువ లోపలికే దిగి నీళ్ళకు వీపు తిప్పారు. ఊరి వైపు నడిచారు. నీళ్ళు మా మడమల వెనకే వచ్చాయి. నేను వెనక్కి తిరగబోతే అవ్వ నా తల పట్టుకొని ముందుకు తిప్పింది. "చూడగాకు. ఎదురుకోలు చేసి పిల్చుకొని పోతాండాం, నమ్మకం లేనట్టు చూస్తే గంగమ్మ నిలబడిపోతాది" అంది. అల్లుళ్ళకు చేసే మర్యాద కూడా గంగమ్మ దగ్గర నేర్చుకున్నదేనని మా అవ్వ వాదన. పండితులు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. వానలు లేని మా సీమలో ఎవరి కోసం మొదట ఊరి బయట ఎదురుచూసి ఉంటారో మీరే ఆలోచించండి.

"ఇప్పుడు చెప్పు చాచా, గంగమ్మ మగదా?" అన్నాను.

చాచా గడ్డం నిమురుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న కంట్రోలరే అందుకున్నాడు. "నీళ్ళకు బ్రేకులు అక్కర్లేదమ్మా. బస్సుకు కావల్ల."

రూమంతా గొల్లున నవ్వింది. చాచా నవ్వలేదు, తల దించుకున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. అడ్డు వచ్చింది మాట కాదు. ఒక ఆడపిల్ల తోలే బస్సుకు వీపు తిప్పి నడవడానికి వీళ్ళకు భయం. ఆ భయాన్ని చెప్పుకోలేక పెళ్ళికొడుకును తెచ్చి మధ్యలో నిలబెట్టారు.

మర్నాడు కంట్రోలరు మధ్యేమార్గం కనిపెట్టాడు. "ఆడబిడ్డ కాబట్టి హారతి ఇద్దాం. గేటు కాడ దిగుతాది, మీ ఆడోళ్ళే బొట్టు పెట్టి హారతి ఇయ్యండి, ఫోటో తీసి గ్రూపులో పెడదాం. బండిని మెకానిక్కు లోపలికి తెస్తాడు" అన్నాడు. మా ఆడ కండక్టర్లు పొంగిపోయారు. నేనూ పొంగిపోయాను, దాచడమెందుకు? మా డిపోలో ఆడమనిషి కోసం ఏదో ఒకటి జరగడం అదే మొదలు. పళ్ళెం ఎవరు తేవాలి, కర్పూరం ఎవరు తేవాలి, ఏ చీరలు కట్టుకోవాలి అనే గొడవలో ఆయన చెప్పిన చివరి మాటకు అర్థమేమిటో మాలో ఎవరికీ తట్టలేదు.

ట్రిప్పు రోజు పొద్దున్నే బయల్దేరాం. డ్రైవరు పనితనం మీకు కళ్ళతో తెలుస్తుంది, మాకు కాళ్ళతో తెలుస్తుంది. నిలబడి టికెట్లు కొట్టేవాళ్ళం కదా, క్లచ్చు వదిలే తీరు, బ్రేకు నొక్కే తీరు పాదాలకు ముందే అందుతుంది. కొందరి బస్సులో సాయంత్రానికి మోకాళ్ళు అరిగిపోతాయి. ఆ రోజు నేను బస్సు చివరి దాకా కడ్డీ పట్టుకోకుండా నడిచాను. వేంపల్లె ఇంకా రాకముందే మలుపులో గొర్రెల మంద అడ్డం పడింది. నా చేతిలో చిల్లర కదలకుండా అలాగే ఉంది, బస్సు ఆగి ఉంది. నేను కిటికీలోంచి చూస్తే గాని గొర్రెలున్నాయని తెలియలేదు.

ముందు సీట్లో ఒక ముసలాయన నన్ను పిలిచాడు. "ఏమ్మా, ఆ పాపేనా తోలేది?"

"అవును తాతా. భయమైతే చెప్పు, ఆపిస్తా."

"భయమెందుకమ్మా, నిద్దరొస్తాండాది. నా స్టాపు వస్తే లేపు" అని కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక డ్రైవరుకు దొరికిన అంత పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

తుమ్మలపల్లె గని దగ్గర షిఫ్టు దిగినవాళ్ళను ఎక్కించుకొని తిరిగి వేంపల్లె వచ్చాం. అక్కడ టీ తాగుతూ ఆ పిల్లకు శుభవార్త చెప్పినట్టు చెప్పాను. "గేటు కాడ నీకు హారతి ఇస్తారు పాపా. మంచి ఏర్పాటే చేసినాం. నువ్వు దిగితే చాలు, బండి మెకానిక్కు తెస్తాడు."

ఆమె టీ ఊదుకోవడం ఆపింది. "ఎదురుకోలు కాదా అక్కా?"

"హారతి గూడా మంచిదే కదమ్మా."

"మంచిదే." గ్లాసు పక్కన పెట్టి అంది. "మా నాయన నీళ్ళ ట్యాంకరు తెస్తే ఊరోళ్ళు బిందెలెత్తుకొని ఎదురొస్తాండ్రి. నేను తెచ్చిన దినం, నాయన యాడమ్మా అని అడుగుతాండ్రి. నీళ్ళు అవే కదక్కా?"

టీ డబ్బులు ఇచ్చేశాను. ఎక్కి కూర్చొని, రెండు బెల్లులు కొట్టాను.

గేటు దగ్గరికి వచ్చేసరికి జనం. మా ఆడవాళ్ళు పట్టుచీరల్లో, పళ్ళెంలో కర్పూరం వెలిగించి సిద్ధంగా ఉన్నారు. అందరి చేతుల్లో ఫోన్లు. మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ పక్కన నిలబడ్డాడు. ఆ పిల్ల బస్సు ఆపి, ఆచారం ప్రకారం పొడుగ్గా హారన్ కొట్టింది.

"దామ్మా, దిగు దిగు" అన్నాడు కంట్రోలరు.

"దిగితే బండి ఎవురు తెస్తారు సార్?"

"మనోడు తెస్తాడులే."

"పొద్దున్నుంచి నేనే తోలినా సార్. ఈ నాలుగు గజాలకు నేను దిగితే, తోలింది నేను కానట్టే కదా." గొంతు పెంచలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకొని ముందుకే చూస్తూ కూర్చుంది. ఇంజను ఆడుతూనే ఉంది.

ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. పళ్ళెంలో కర్పూరం ఆరిపోవడానికొచ్చింది. మా వెనక ఇంకో బస్సు వచ్చి హారన్ మోగించింది. కంట్రోలరు మొహంలో నవ్వు పోయింది. "మొదటి దినమే ఇంత మొండితనమా? డ్యూటీలు ఎట్ల ఇచ్చేది?" అన్నాడు. అదే నేను భయపడింది. దిగితే ఆమె పరువు పోతుంది, దిగకపోతే డ్యూటీ పోతుంది.

నేను దిగాను. బస్సు పక్కన రెండుసార్లు అరచేత్తో చరిచాను, రైట్ అని. ముందుకు వెళ్ళి అద్దంలోంచి ఆ పిల్ల మొహం ఒకసారి చూశాను. తర్వాత వీపు తిప్పి నడిచాను.

భయం వేయలేదని రాస్తే అబద్ధం. ఇంజను వేడి వీపుకు తగులుతోంది. చీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడుతున్నాయి. కాని పొద్దున్నుంచి ఆ బ్రేకు ఎలాంటిదో నా పాదాలకు తెలుసు. ఆ ధైర్యంతోనే అడుగులు వేశాను. గేటు దాటకముందే పక్కన చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఆగమ్మా, ఆగు. పానకం ల్యాకుండా ఎదురుకోలేంది?"

చాచా! చేతిలో ఇత్తడి చెంబు, నిండా పానకం, పైన తేలుతున్న సబ్జా గింజలు. "పొద్దున్నే చేయించినా. ఇయ్యల్నో వద్దో తేల్చుకోల్యాక పెట్టెలో పెట్టుకున్నా" అన్నాడు నా వైపు చూడకుండా. కిటికీ దగ్గరికి వెళ్ళి చెంబు పైకెత్తి పట్టుకున్నాడు. "తాగు బిడ్డా. ఆలస్యమాయ, ఏమనుకోగాకు."

ఆమె రెండు చేతులతో అందుకొని, ఆగకుండా తాగింది. చాచా వచ్చి నా పక్కన నిలబడి వీపు తిప్పాడు. ఇద్దరం నడిచాం.

"వెనక్కి చూడగాకు" అన్నాడు పళ్ళ సందునుంచి.

"నేను చూడను. నీ మెడే తిరుగుతాండాది, సరిగ్గా పెట్టుకో" అన్నాను. ఆయన కిసుక్కున నవ్వాడు.

బంకు దగ్గరికి వచ్చాం. ఇద్దరం ఆగాం. బస్సు ఆగిందో లేదో మాకు తెలియలేదు. వీపుకు వేడి తగులుతోంది, కుదుపు చప్పుడేమీ లేదు. వెనక్కి తిరగడానికి ఇద్దరికీ భయమే, ఆచారం తప్పుతుందని. చివరికి మా ఆడవాళ్ళు కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చాక గాని తిరగలేదు. బస్సు నా కొంగుకు జానెడు దూరంలో ఉంది. అప్పుడు దిగింది ఆ పిల్ల, తన బస్సును తానే లోపలికి తెచ్చి. దిగగానే చాచా కాళ్ళకు దండం పెట్టబోతే ఆయన పట్టుకొని లేపి, "డ్రైవర్లు డ్రైవర్లకు మొక్కరు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. గర్వంతో కూడా ఏడుపొస్తుందని ఆ రోజే తెలిసింది. హారతి కూడా వృథా పోలేదు, కొత్త కర్పూరం తెచ్చి బస్సుకు ఇచ్చారు.

కంట్రోలరు మర్నాడే ఆమెకు తుమ్మలపల్లె షిఫ్టు బస్సు వేశాడు. గని కార్మికులకు నిమిషం ఆలస్యమైనా కుదరదు కాబట్టి దాన్ని నమ్మకమైనవాళ్ళకే ఇచ్చేవాళ్ళు. ఆమెతో డ్యూటీకి వెళ్ళడానికి ఆ తర్వాత ఏ కండక్టరుకూ కడుపునొప్పి రాలేదు. మోకాళ్ళు బాగుంటాయని పోటీ పడ్డారు కూడా.

చాచా రిటైరయ్యాడు, తర్వాత నేనూ అయ్యాను. మొన్నామధ్య బస్సు పాసు పనిమీద డిపోకు వెళ్తే గేటు బయట ఒక బస్సు ఆగి ఉంది. సీట్లో కొత్త కుర్రాడు చెమటలు కారుస్తూ కూర్చున్నాడు. ఆ పిల్ల, ఇప్పుడు పిల్ల అనకూడదు, ఇత్తడి చెంబు పైకెత్తి వాడికి పానకం ఇస్తోంది. ఇచ్చి వీపు తిప్పింది. ఆమె పక్కకు ఒక కండక్టరు వచ్చి నిలబడ్డాడు. ఇద్దరూ నడవడం మొదలుపెట్టారు.

నేను కదలకుండా చూస్తుంటే, గేటు దగ్గరున్న కొత్త కండక్టరమ్మాయి ఒకామె జాలిపడి నాకు వివరించింది. "దీన్ని ఎదురుకోలు అంటారు మేడం. కొత్తోళ్ళు వస్తే చేస్తాం. ఒక డ్రైవరు, ఒక కండక్టరు, ఇద్దరూ కలిసే నడవల్ల. ఒకరే నడిస్తే చెల్లదు."

"ఎప్పట్నుంచమ్మా?" అని అడిగాను.

"డిపో పెట్టినప్పట్నుంచి ఇంతే మేడం" అంది.

నోరున్న మనిషినని ముందే చెప్పాను కదా. ఆ రోజు మాత్రం నేను నోరు తెరిచి దిద్దలేదు.